అత్తగారి రిపోర్టుకూ ఆదివారం కోడికూరకూ సంబంధం ఉందా?

కావలి నుంచి మీరు అడిగిన సంగతిని, చదివే మిగతావారి కోసం ముందుగా రెండు మాటల్లో చెబుతాను. మీ అత్తగారు ఎన్నడూ ఆసుపత్రిలో చేరిన మనిషి కాదు. మూత్రంలో మంట అంటే కల్చర్ పరీక్ష చేయించారు. ఈ.కోలై అనే బ్యాక్టీరియా పెరిగిందని, పరీక్షించిన మందుల్లో సగానికి పైగా దాని మీద పనిచేయవని రిపోర్టు వచ్చింది. అడుగున ‘ఈఎస్‌బీఎల్ పాజిటివ్’ అని ఉంది. బంధువులొకరు ఇదంతా ఫారం కోళ్లు తినడం వల్లే అన్నారు. అల్లూరు వైపు రొయ్యల గుంటలు చేస్తున్న మీ మరిది ఆ మాట కొట్టిపారేశారు. మా సరుకు పరీక్ష కాకుండా ఎగుమతి కాదు, పైగా ఉడికిస్తే ఏ క్రిమి అయినా చస్తుంది అన్నారు. ఇద్దరిలో ఎవరిది నిజం, కోడి, రొయ్య తినడం మానేయాలా అన్నది మీ ప్రశ్న.

నేను నెల్లూరులో ఆసుపత్రి ల్యాబులో మైక్రోబయాలజిస్టుగా చాలాకాలంగా ఇలాంటి రిపోర్టులే చూస్తున్నాను. మా దగ్గరి బంధువుల్లో రొయ్యల సాగు చేసేవారు ఉన్నారు కాబట్టి గుంట గట్టు మీద జరిగే మాటలూ తెలుసు. మీ మరిది చెప్పిన రెండు మాటలూ వేటికవే నిజం. అయితే ప్రమాదం ఉన్న చోటు ఆ రెండింటికీ బయట ఉంది. అది చెప్పడానికే ఇంత పొడవుగా రాస్తున్నాను.

ముందు అత్తగారి సంగతి. ఈఎస్‌బీఎల్ అంటే ఆ బ్యాక్టీరియా ఒక రకమైన ఎంజైమును తయారుచేసుకుంటోందని అర్థం. పెన్సిలిన్ కుటుంబపు మందులను, సెఫిక్సిమ్, సెఫ్‌ట్రయాక్సోన్ వంటి సెఫలోస్పోరిన్లను ఆ ఎంజైము నిర్వీర్యం చేస్తుంది. ఇలాంటి బ్యాక్టీరియా చాలాసార్లు సిప్రోఫ్లాక్సాసిన్‌కు కూడా లొంగదు. అయినా భయపడకండి. ఇన్ఫెక్షన్ మూత్రాశయం వరకే ఉంటే నైట్రోఫ్యూరాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ అనే పాత మందులు చాలామందిలో ఇప్పటికీ పనిచేస్తున్నాయి. రిపోర్టులో ఆ రెండు పేర్ల ఎదుట ఏముందో మీ డాక్టరును అడగండి. కిడ్నీల పనితీరు బాగా తగ్గినవారికి నైట్రోఫ్యూరాంటోయిన్ ఇవ్వరు, కాబట్టి క్రియాటినిన్ పరీక్ష కూడా చూపించండి. చలి జ్వరం, నడుము పక్క నొప్పి, వాంతులు, మనిషి మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా మాత్రలతో ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇన్ఫెక్షన్ కిడ్నీకో రక్తానికో చేరితే ఈ బ్యాక్టీరియాకు మెరోపెనెమ్ వంటి ఇంజెక్షన్లు కావాలి, అవి ఆసుపత్రిలోనే ఇవ్వాలి. మంట తగ్గిన తర్వాత మాత్రం ‘ఎందుకైనా మంచిది’ అని మళ్లీ కల్చర్ చేయించి, బాధ ఏమీ లేకపోయినా బ్యాక్టీరియా కనిపించిందని మళ్లీ మందులు వాడించకండి. గర్భిణులకు, మూత్రనాళంలో ఆపరేషన్ జరగబోయేవారికి తప్ప ఆ చికిత్స అవసరం లేదు, చేస్తే నష్టమే.

ఇక ఇది ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న. ఒక మనిషి రిపోర్టును చూసి ఇది కోడి నుంచి వచ్చింది, ఇది నీళ్ల నుంచి వచ్చింది అని వేలెత్తి చూపడం ఎవరి తరమూ కాదు. మూత్రంలోకి చేరకముందు ఆ బ్యాక్టీరియా నెలల తరబడి ఆవిడ పేగుల్లో ఏ బాధా పెట్టకుండా ఉండి ఉండవచ్చు. ఆరోగ్యంగా తిరిగే ఎంతోమంది పేగుల్లో ఇవి ఉంటాయి. జలుబుకో జ్వరానికో వాడిన యాంటీబయాటిక్ మిగతా మంచి బ్యాక్టీరియాను చంపి వీటికి చోటు చేసి ఉంటుంది. కాబట్టి గడిచిన ఏడాదిలో ఆవిడకు ఏయే యాంటీబయాటిక్కులు ఇచ్చారో, ఎన్నిసార్లు మందుల షాపులో చీటీ లేకుండా తెచ్చారో గుర్తు చేసుకోండి. కోడి మీద నేరం మోపేముందు ఇంట్లో మందుల డబ్బా చూడాలి.

అయితే జంతువుల నుంచి మనుషులకు రావడం నిజమేనా? నిజమే, దానికి గట్టి రుజువులున్నాయి. అన్నిటికన్నా స్పష్టమైనది పాత తూర్పు జర్మనీలో దొరికింది. 1980ల మొదట్లో అక్కడ నౌర్సియోత్రిసిన్ అనే యాంటీబయాటిక్‌ను పందుల మేతలో కలపడం మొదలుపెట్టారు. ఆ మందును మనుషులకు వైద్యంలో వాడలేదు. కాబట్టి మనిషి శరీరంలో దానికి లొంగని బ్యాక్టీరియా కనిపిస్తే అది పంది వైపు నుంచే రావాలి. రెండు మూడేళ్లలో ముందు పందుల్లో, తర్వాత ఫారాల్లో పనిచేసేవారిలో, ఆపైన వారి కుటుంబాల్లో, చివరికి పందుల దొడ్డి ముఖం కూడా చూడని పట్టణవాసుల మూత్ర ఇన్ఫెక్షన్లలో ఆ నిరోధకత, అంటే మందుకు లొంగని గుణం, కనిపించింది. మూత్ర ఇన్ఫెక్షన్ అన్న మాటను గమనించండి. మీ అత్తగారిది అదే జబ్బు.

అంతకుముందే 1976లో అమెరికాలో స్టూవర్ట్ లెవీ బృందం ఒక చిన్న కోళ్ల ఫారంలో చేసిన పరిశీలనను ప్రచురించింది. మేతలో టెట్రాసైక్లిన్ కలిపిన వారంలోపే కోళ్ల పేగుల్లోని బ్యాక్టీరియా దాదాపు అంతా ఆ మందుకు లొంగనిదిగా మారింది. 5, 6 నెలల్లో ఫారంలో ఉంటున్నవారి పేగుల్లోనూ అలాంటి బ్యాక్టీరియా పెరిగింది. ఇరుగుపొరుగు కుటుంబాల్లో అంతగా పెరగలేదు. ఆ ఫారం మనుషులు టెట్రాసైక్లిన్ మింగలేదు. మింగింది కోళ్లే.

మీ అత్తగారి రిపోర్టుకు మరింత దగ్గరి ఉదాహరణ కెనడాలోని క్యుబెక్‌లో జరిగింది. అక్కడి హేచరీల్లో, అంటే కోడిపిల్లలను పొదిగించే కేంద్రాల్లో, గుడ్డు దశలోనే పిల్లలకు సెఫ్టియోఫర్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చేవారు. ఇది సెఫ్‌ట్రయాక్సోన్‌కు చుట్టం. దుకాణాల్లో అమ్మే కోడిమాంసంలోని సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాలో, జబ్బుపడిన మనుషుల్లోని సాల్మొనెల్లాలో ఈ తరగతి మందులకు నిరోధకత జంటగా పెరిగింది. 2005లో హేచరీలు తమంతట తాము ఆ ఇంజెక్షన్ ఆపేశాయి. మాంసంలోనూ మనుషుల్లోనూ నిరోధకత పడిపోయింది. 2007లో కొంతమేర మళ్లీ మొదలుపెట్టగానే మళ్లీ పైకి లేచింది. ఆపితే తగ్గింది, మొదలుపెడితే పెరిగింది. ఇంతకన్నా వేరే సాక్ష్యం నాకు అక్కర్లేదు.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే అది మీకు చేసిన అన్యాయం. 2019లో బ్రిటన్ పరిశోధకులు రోగుల రక్తంలో, జనం మలంలో, మురుగునీటిలో, మాంసంలో, పశువుల పేడలో దొరికిన ఈఎస్‌బీఎల్ ఈ.కోలైల జన్యువులను పోల్చి చూశారు. అక్కడ మనుషుల్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్లు తెచ్చిన రకాలు ఎక్కువగా మనుషుల నుంచి మనుషులకు పాకినవేనని, కోడిమాంసంలోవి ఎక్కువగా వేరే రకాలని తేలింది. మరుగుదొడ్డి తర్వాత చేతులు కడుక్కోవడం ముఖ్యమని వాళ్లు గట్టిగా చెప్పారు. నేను ఆ మాటను పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ బ్రిటన్‌లో కోడి కబేళా వేరు, మురుగు కాలువ వేరు, తాగునీటి పైపు వేరు. మన దగ్గర చికెన్ దుకాణం కడిగిన నీళ్లు ఎటు పోతున్నాయో మీరే చూస్తుంటారు. జంతువుకూ మనిషికీ మధ్య గోడ ఇక్కడ పల్చన.

ఇంకో మాట. బ్యాక్టీరియా మొత్తంగా జంతువు నుంచి మనిషిలోకి వచ్చి స్థిరపడనక్కరలేదు. నిరోధకత జన్యువులు చాలావరకు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయాల మీద ఉంటాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్ల చేతుల్లో వంట చీటీ మారినట్లు, ఒక బ్యాక్టీరియా నుంచి పూర్తిగా వేరే జాతి బ్యాక్టీరియాకు ఆ వలయం మారిపోతుంది. కోడి ఈ.కోలై మీ పేగుల్లో రెండు రోజులే ఉండి వెళ్లిపోయినా, ఆ రెండు రోజుల్లో దాని ప్లాస్మిడ్ మీ సొంత ఈ.కోలైకి చేరితే చాలు. బ్యాక్టీరియాల రకాలను పోల్చి చూసినప్పుడు ఈ చేతి మార్పిడి తేలిగ్గా కనిపించదు.

కొలిస్టిన్ కథ ఇక్కడే చెప్పాలి. 1950లలో వచ్చిన ఈ మందు కిడ్నీలను దెబ్బతీస్తుందని మనుషుల వైద్యంలో పక్కన పెట్టారు. మిగతా మందులన్నీ ఓడిపోయిన తర్వాత, ఐసీయూలో చివరి ఆయుధంగా మళ్లీ బయటికి తీశారు. ఈలోగా అదే మందు చాలా దేశాల్లో కోళ్లు, పందులు త్వరగా బరువు పెరగడానికి మేతలో కలిసిపోతూ ఉంది. 2015 నవంబరులో చైనా శాస్త్రవేత్తలు ఎంసీఆర్-1 అనే జన్యువును ప్రకటించారు. అది ప్లాస్మిడ్ మీద ఉంది, పందుల్లో ఉంది, దుకాణంలోని పచ్చి మాంసంలో ఉంది, ఆసుపత్రి రోగుల్లోనూ ఉంది. చైనా 2017లో మేతలో కొలిస్టిన్ కలపడాన్ని నిషేధించింది. తర్వాతి ఏళ్లలో అక్కడ పందుల్లోనూ మనుషుల్లోనూ ఆ నిరోధకత తగ్గింది. మన దేశంలో ఆహార జంతువులకు, కోళ్లకు, ఆక్వాకు, మేతకు కొలిస్టిన్‌ను 2019 జూలైలో నిషేధించారు. చీడ పెరిగేదాకా ఆగినా, నిషేధించడం మంచి పని. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి కొలిస్టిన్ కూడా పనిచేయదని రిపోర్టు మీద సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు, ఆ మందును కోడి బరువు కోసం ఖర్చు చేశామన్న సంగతి నాకు కోపం తెప్పిస్తుంది. ఆ కోపాన్ని దాచుకోను.

ఇప్పుడు మీ మరిది అన్న మొదటి మాట, పరీక్ష గురించి. ఎగుమతి రొయ్యకు నిజంగానే కఠినమైన పరీక్ష ఉంది. పట్టుబడికి, అంటే గుంటలో రొయ్యలు పట్టడానికి, ముందు ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) ల్యాబులో శాంపిల్ ఇచ్చి, క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే నిషేధిత యాంటీబయాటిక్కుల అవశేషాలు లేవని సర్టిఫికెట్ తీసుకునే పద్ధతి ఉంది. యూరప్ క్లోరాంఫెనికాల్‌కు పెట్టిన గీత కిలోకు 0.15 మైక్రోగ్రాములు. 2016 నుంచి మన రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పరీక్షించే వాటాను యూరప్ 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఒక కంటైనర్ వెనక్కి వస్తే ఎంత నష్టమో మీ మరిదికి నేను చెప్పనక్కరలేదు. ఆ భయమే నెల్లూరు, ప్రకాశం తీరంలో చాలామంది రైతుల చేత నిషేధిత మందులు మాన్పించింది.

కానీ ఆ పరీక్ష దేనికోసం పుట్టిందో చూడండి. క్లోరాంఫెనికాల్ అరుదుగా కొందరిలో ఎముక మూలుగను ఎండగట్టి రక్తం తయారు కాకుండా చేస్తుంది. నైట్రోఫ్యూరాన్ల అవశేషాలు క్యాన్సర్ కలిగిస్తాయని అనుమానం. అందుకని మాంసంలో ‘మందు’ మిగిలిందా అని వెతుకుతారు. మందుకు లొంగని బ్యాక్టీరియా మిగిలిందా అని ఆ పరీక్ష చూడదు. సాగు మధ్యలో యాంటీబయాటిక్ వేసి, పట్టుబడికి ముందు తగినన్ని రోజులు ఆపితే రొయ్య శరీరంలోంచి మందు పోతుంది, సర్టిఫికెట్ వస్తుంది. మందు బతకనిచ్చిన బ్యాక్టీరియా మాత్రం గుంట నీళ్లలో, అడుగు మట్టిలో, రొయ్య పేగులో ఉండిపోతుంది. మేతకు పట్టించిన మందులో కొంత భాగం రొయ్య నోటికి చేరకముందే నీళ్లలో కరిగిపోతుంది కూడా. ఆ నీళ్లు కాలువకు, కాలువ నుంచి క్రీక్‌కు (సముద్రపు పాయకు), క్రీక్ నుంచి మోటారు పెట్టి తోడుకునే పక్క రైతు గుంటకు వెళతాయి. కండలేరు క్రీక్ దగ్గరైనా బకింగ్‌హాం కాలువ పొడవునా అయినా నీళ్లు వదిలే చోటుకీ తోడే చోటుకీ దూరం ఎంతో అక్కడివారికి తెలుసు. సిప్రోఫ్లాక్సాసిన్ తరగతి మందులకు నిరోధకతనిచ్చే క్యూఎన్‌ఆర్ జన్యువుల్లో ఒకదాని మూలం షెవనెల్లా అనే నీటి బ్యాక్టీరియాలో దొరికింది. నీళ్లలోని జన్యువు ఆసుపత్రి దాకా రావడం ఊహ కాదు.

అంతకన్నా నన్ను బాధించేది, గుంటల్లో వేసే యాంటీబయాటిక్‌లో చాలా భాగం అసలు పనికిరాని చోట వేస్తున్నది. రొయ్యలకు వచ్చే వైట్ స్పాట్ వైరస్ జబ్బు. ఏ యాంటీబయాటిక్‌కూ వైరస్ చావదు. సైజు రాకుండా చేసే ఈహెచ్‌పీ ఒక సూక్ష్మ పరాన్నజీవి, శిలీంద్రాలకు దగ్గరి బంధువు. దాని మీద కూడా ఇవి పనిచేయవు. చెక్ ట్రేలో, అంటే రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెంలో, మేత మిగిలిందనో, గట్టు వెంట రొయ్యలు తేలుతున్నాయనో కంగారులో ఎవరో చెప్పిన పౌడరు వేస్తారు. రొయ్య దక్కదు. డబ్బు పోతుంది. గుంటలో మిగిలేది నిరోధకత మాత్రమే. విబ్రియో వల్ల వచ్చే జబ్బులు బ్యాక్టీరియావే నిజం, కానీ అక్కడ కూడా నీటి నాణ్యత, అడుగు బురద, రొయ్యపిల్లల సాంద్రత సరిచేయకుండా మందు వేస్తే నాలుగు రోజుల ఉపశమనమే. ఎక్కువమంది సాగుచేసే వనామీ రకం రొయ్యకు చదరపు మీటరుకు 60 పిల్లలకు మించి వేయకూడదని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధన. ఎంతమంది పాటిస్తున్నారో మీ మరిదిని అడిగితే మొహమాటం లేకుండా చెబుతారు.

ఇన్ని లోపాలున్నా ఎగుమతి రొయ్యకు కనీసం అవశేషాల పరీక్ష ఉంది. మనం ఆదివారం తెచ్చుకునే కోడికి ఆ మాత్రం కూడా దాదాపు లేదు. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ మాంసంలో, గుడ్లలో, పాలలో మందుల అవశేషాలకు పరిమితులు పెట్టింది. ఆహార జంతువుల్లో క్లోరాంఫెనికాల్‌ను, నైట్రోఫ్యూరాన్లను 2025లో దేశమంతటా నిషేధించారు. కాగితం మీద ఇవి మంచి నిబంధనలు. కానీ నెల్లూరులోనో ఒంగోలులోనో కోడిని తూచి కోసి ఇచ్చే దుకాణానికి ప్రతి లోడుకూ సర్టిఫికెట్ తెమ్మని అడిగేవారు లేరు. యూరప్ వినియోగదారుడి పళ్లెంలోకి పోయే రొయ్యకు ఉన్న కాపలా మన పిల్లల పళ్లెంలోకి వచ్చే కోడికి లేకపోవడం నేను ఒప్పుకోలేను. దీన్ని రైతు మీదకు నెట్టడం కూడా న్యాయం కాదు. బ్రాయిలర్ సాగులో ఎక్కువ భాగం కంపెనీ ఒప్పందం కిందే నడుస్తుంది. పిల్లలు కంపెనీవి, మేత కంపెనీది, మందుల సంచి కంపెనీది. రైతువి షెడ్డు, కరెంటు బిల్లు, కష్టం. మేతలో ఏం కలిసిందో ఆయనకే తెలియకపోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న జంతువులకు బరువు కోసమో, జబ్బు రాకుండా ముందుజాగ్రత్త కోసమో యాంటీబయాటిక్కులు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే చెప్పింది. యూరప్ బరువు పెంచే వాడకాన్ని 2006 జనవరి నుంచి పూర్తిగా ఆపేసింది, అక్కడ కోళ్ల పరిశ్రమ మూతపడలేదు.

రెండో మాట, ఉడికిస్తే చస్తుందన్నది. చస్తుంది. ముక్క లోపలిదాకా 75 డిగ్రీలు తగిలితే ఈ.కోలై, సాల్మొనెల్లా, విబ్రియో ఏదీ మిగలదు. మందులకు లొంగని బ్యాక్టీరియాకు వేడిని తట్టుకునే శక్తి ఏమీ అదనంగా రాదు. నెల్లూరు చేపల పులుసు కుతకుత ఉడికి దిగాక, మర్నాడు దాకా ఉంచి మళ్లీ వేడిచేసి తిన్నా ఈ విషయంలో మీకు భయం అక్కర్లేదు. కానీ కూర పొయ్యి మీదకు వెళ్లేలోపు వంటింట్లో పచ్చి మాంసం ఎక్కడెక్కడ తిరిగిందో ఆలోచించండి. దుకాణంలో ఒకే మొద్దు, ఒకే కత్తి, ఒకే బకెట్ నీళ్లు. అక్కడి నుంచి నల్ల కవరు కారుతూ కూరగాయల సంచిలోకి చేరుతుంది. ఇంట్లో సింకులో పెట్టి కుళాయి పూర్తిగా తిప్పి కడిగితే తుంపర్లు పక్కన ఆరబెట్టిన గిన్నెల మీద పడతాయి. అదే కత్తిపీట మీద, నీళ్లతో ఒకసారి తడిపి, బిర్యానీలోకి ఉల్లిపాయ, నిమ్మకాయ కోస్తారు. కోడి ఉడికింది. ఉల్లిపాయ ఉడకలేదు. నన్నడిగితే ఆ భోజనంలో అనుమానించాల్సింది ఉల్లి ముక్కనే.

కాబట్టి తినడం మానేయమని నేను చెప్పను. పెరిగే పిల్లలకు, పెద్దవయసు వారికి కోడి, గుడ్డు, రొయ్య మంచి ఆహారం. వంటింట్లో పద్ధతి మార్చండి. కూరగాయలు, పచ్చడి, పెరుగులోకి కావాల్సినవి ముందు కోసి మూతపెట్టి, ఆ తర్వాతే మాంసం కవరు విప్పండి. మాంసానికి ఒక కత్తి, ఒక పలక విడిగా ఉంచండి. మాంసం కడగకపోవడమే మేలు, కానీ మన దుకాణాల్లో వచ్చే తీరుకు కడగకుండా ఎవరూ వండలేరని నాకు తెలుసు. అందుకని లోతైన గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, ఆ నీళ్లను చిందకుండా ఒంపి, సింకును, కుళాయి పిడిని, చేతులను సబ్బుతో రుద్దండి. పసుపు, ఉప్పు పట్టించడం రుచికి, వాసనకు మంచిది, దానితో బ్యాక్టీరియా పోయిందనుకోవద్దు. ఫ్రిజ్‌లో పెడితే చావదు, డీప్ ఫ్రిజ్‌లో పెట్టినా పూర్తిగా చావదు. పచ్చి మాంసాన్ని అడుగు అరలో మూత ఉన్న గిన్నెలో పెట్టండి. పచ్చిగా తినే కొత్తిమీర, కీర వంటివి బాగా పారే నీటిలో కడగండి. సరిగ్గా మాగని కోళ్ల ఎరువు, మురుగు నీళ్లు పొలాల్లోకి వెళ్లేచోట అవి కూడా ఇదే దారి. మీ అత్తగారికి షుగరు ఉందో లేదో మీరు రాయలేదు, ఉంటే ఇవన్నీ ఇంకాస్త గట్టిగా పాటించండి.

పాల గురించి మీరు అడగలేదు కానీ ఒక్క ముక్క. మన ఇళ్లలో పాలు కాచే అలవాటు వల్ల బ్యాక్టీరియా భయం తక్కువ. గేదెకు పొదుగువాపు వచ్చి ఇంజెక్షన్ వేసినప్పుడు మాత్రం, డాక్టరు చెప్పిన రోజుల వరకు ఆ పాలు కేంద్రానికి పోయకూడదు. కాచినా ఆ మందు పూర్తిగా పోదు. ఆ పాలు వృథా ఎందుకని దూడకు తాగిస్తారు. అలా తాగిన దూడల పేగుల్లో మందులకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. పారబోయడమే మంచిది.

మీ మరిది కోసం చివరిగా కొన్ని సంగతులు. సీడ్ (రొయ్యపిల్లలు) తెచ్చేముందు వైట్ స్పాట్‌కు, ఈహెచ్‌పీకి పీసీఆర్ పరీక్ష చేయించిన రిపోర్టు చూడకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు. పంటకూ పంటకూ మధ్య గుంటను పూర్తిగా ఎండబెట్టి, బురద తీసి, సున్నం వేసి తీరాలి. ఒక పంట ఆశతో ఆ వ్యవధిని కోసేయడమే చాలా జబ్బులకు మొదలు. లోపల ఏముందో లేబుల్ మీద రాయని డబ్బాను, అది ప్రోబయాటిక్ అన్నా, గట్ టానిక్ అన్నా, గట్టు మీదకు రానివ్వవద్దు. అలాంటి డబ్బాలో యాంటీబయాటిక్ కలిపి ఉంటే ఆయనకు తెలియకుండానే శాంపిల్ ఫెయిల్ అవుతుంది. రొయ్యలు చావడం మొదలైతే మందు అడగడానికి ముందు రొయ్యను ల్యాబుకు పంపి జబ్బు ఏమిటో తెలుసుకోవాలి. వైరస్ అని తేలితే మందు ఖర్చు అక్కడే ఆగుతుంది. జబ్బు పడిన గుంట నీటిని శుద్ధి చేయకుండా కాలువకు వదలకూడదు, క్లోరినేషన్ చేసి కొన్ని రోజులు నిలవ ఉంచి వదలాలి. చచ్చిన రొయ్యలను గట్టు అవతలకు విసరకుండా సున్నం వేసి పూడ్చాలి.

ఇంకొకటి. 2025లో అమెరికా సుంకాలు పెంచిన తర్వాత ఎక్కువ రొయ్యను మన ఊళ్లలోనే అమ్మాలన్న ప్రయత్నం జోరందుకుంది. మంచిదే, మన రొయ్యను మనం తినాలి. మీ మరిది గుంట సరుకు చెన్నై మార్కెట్‌కో కావలి బజారుకో వెళ్లేటప్పుడు కూడా, ఎగుమతి లోడుకు చేయించే పట్టుబడి ముందు పరీక్షనే చేయించమని, ఆ కాగితం కొనేవారికి చూపించమని ఆయనకు చెప్పండి.